మోంటానాలో ఫ్లై ఫిషింగ్: నాన్న కోసం గైడ్‌ని పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఎలా ఎంచుకోవాలి?

కాలవగట్టు_శీను (డల్లాస్)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు. జులై మొదటి వారంలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు చూపిద్దామని మోంటానా రాష్ట్రంలో పార్కు అంచునున్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో ఐదు రోజులకి ఇల్లు బుక్ చేశాం. నాన్నకి 67. ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు, కోనసీమ కాలవల మీద ముప్ఫై ఏళ్ల పైన పనిచేశారు. గేట్లు ఎత్తడం దించడం, గండి పడితే రాత్రికి రాత్రి బస్తాలు వేయించడం, ఇదే ఆయన జీవితం. మిగిలిన టైమంతా గాలం. వెదురు కర్ర, నెమలి ఈక బెండు, కొబ్బరిచిప్పలో ఎర్రలు. బెండు కదిలే తీరు చూసి కింద ఉన్నది జెల్లో పరిగో చెప్పేసేవారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేను చూసిందే ఇదంతా.

పోయినసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకి ఏమీ తోచలేదు. టీవీ, సాయంత్రం నడక, మళ్లీ టీవీ. ఒక్కరోజు మా కాలనీ చెరువు దగ్గర ఎవరో గాలం వేస్తుంటే గంటన్నర నిలబడి చూశారు. ఇంటికొచ్చి అన్నం తింటూ "బెండు మరీ పైకి కట్టాడ్రా ఆ అబ్బాయి, అక్కడ అంత లోతు లేదు" అన్నారు. ఆ రోజు ఆయన నాతో తనంతట తానుగా మాట్లాడింది ఆ ఒక్క మాటే అనిపించింది. అందుకే ఈసారి ఒక్కరోజైనా ఆయన్ని మంచి నది మీదకి తీసుకెళ్లాలని ఉంది.

మోంటానా అంటే అందరూ ఫ్లై ఫిషింగే అంటున్నారు, అంటే ఎర బదులు పురుగులా కట్టిన బొమ్మతో (దాన్నే ఫ్లై అంటారట) చేపలు పట్టడం. నాకు అస్సలు రాదు. వెబ్‌సైట్లలో రోజుకి ఆరేడు వందల డాలర్లు చూసి గుండె గుభేల్‌మంది. అంత పెట్టి గైడ్‌ని పెట్టుకోవాలా, లేకపోతే ఒక కర్ర కొనుక్కుని యూట్యూబ్ చూసి మనమే వెళ్లొచ్చా? నాన్నకి మోకాళ్లు అరిగాయి, మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగుతారు. ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. పట్టిన చేపని వదిలేయాలంటే ఏమంటారో అదొక టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

డెన్వర్_ప్రసాద్

శీను గారూ, గైడ్‌ని పెట్టుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. నేను తొమ్మిదేళ్లుగా ఫ్లై వేస్తున్నాను, మోంటానాకి ఐదుసార్లు వెళ్లాను, ఇప్పటికీ కొత్త నదికి వెళ్తే మొదటి రోజు గైడ్‌తోనే దిగుతాను. ఆయనకి మనం ఇచ్చే డబ్బు నీళ్లు చదివి చెప్పినందుకు. చేప ఎక్కడ నిలబడుతుంది, ఈ వారం ఏ పురుగు ఎగురుతోంది, పొద్దున ఏ ఒడ్డు, మధ్యాహ్నం ఏ ఒడ్డు, ఇవి రోజూ ఆ నదిలో ఉన్నవాడికే తెలుస్తాయి. యూట్యూబ్‌లో కర్ర విసరడం నేర్చుకోవచ్చు కానీ ఆ నది నేర్పేవాళ్లు అందులో లేరు.

అయితే గైడ్ కంటే ముందు నదిని ఎంచుకోవాలి, మీ నాన్నగారి మోకాళ్లని బట్టి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బోజ్‌మన్ నుంచి వెస్ట్ ఎల్లోస్టోన్ వెళ్లే రోడ్డు పక్కనే గాలటిన్ నది ఉంటుంది, చూస్తే కళ్లు తిప్పుకోలేం, అందరూ అక్కడే అడుగుతారు. కానీ పార్కు సరిహద్దు నుంచి కింద ఈస్ట్ గాలటిన్ నది వచ్చి కలిసేదాకా ఆ నదిలో పడవలోంచి చేపలు పట్టకూడదు, రూలే అది. నీళ్లలోకి దిగి నడవాల్సిందే. మాడిసన్ నది కూడా అంతే, క్వేక్ లేక్ అనే సరస్సు నుంచి లయన్స్ బ్రిడ్జి దాకా పడవలో వెళ్లొచ్చు గానీ గాలం వేయాలంటే దిగాలి. ఆ అడుగున రాళ్లు గుండ్రంగా, నాచు పట్టి జారుతూ ఉంటాయి, పైగా ప్రవాహం తొడల్ని తోసేస్తుంది. నాకు 41 ఏళ్లు, నేనే రెండుసార్లు పడ్డాను.

కాబట్టి మీరు అడగాల్సింది లయన్స్ బ్రిడ్జికి కింద, ఎన్నిస్ ఊరి వైపు, పడవలో రోజంతా. దాన్ని ఫ్లోట్ ట్రిప్ అంటారు. డ్రిఫ్ట్ బోట్ అని ఒకటుంటుంది, రెండు చివర్లూ పైకి లేచి, అడుగు బల్లపరుపుగా. మధ్యలో గైడ్ తెడ్లు వేస్తూ ఉంటాడు, ముందొకరు వెనకొకరు. ముందు నిలబడేవాళ్లకి తొడలు ఆనించుకోడానికి ఒంపుగా కోసిన పలక ఉంటుంది, అక్కర్లేదనుకుంటే కుర్చీలో కూర్చునే వేయొచ్చు. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఇక డబ్బు. మీరు చూసిన ఆరేడు వందలు ఒక్కరికి కాదు, పడవకి. ఇద్దరు దాకా అదే రేటు. కర్ర, రీలు, మధ్యాహ్నం భోజనం సాధారణంగా అందులోనే, ఫ్లైలు కొందరు కలుపుతారు కొందరు విడిగా తీసుకుంటారు, అడగండి. లైసెన్సు మీదే. చివర్లో టిప్ 15 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడ ఆనవాయితీ, అది ముందే లెక్కలో వేసుకోండి. మనవాళ్లు కొందరు ఈ ఒక్క చోట బిగబడతారు, నాకు అది నచ్చదు. తెల్లవారుజామున పడవ కడిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెడ్డేసి, మన చిక్కులు విప్పి, రాత్రికి మళ్లీ ఫ్లైలు కట్టుకునే మనిషి ఆయన.

మోంటానాలో గైడ్ సొంతంగా మనతో బేరం కుదుర్చుకోకూడదు. లైసెన్సున్న అవుట్‌ఫిటర్ (ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్లు) కింద పనిచేయాలి, వాళ్ల లైసెన్సులు చూసే రాష్ట్ర బోర్డు ఒకటి ఉంది. ఎవరైనా "నాకు నేరుగా క్యాష్ ఇవ్వండి, తక్కువకి తీసుకెళ్తా" అంటే వద్దనండి. పడవలో ఏదైనా జరిగితే అడగడానికి ఎవరూ ఉండరు.

బుక్ చేసేటప్పుడు అవుట్‌ఫిటర్ షాపుకి మెయిల్ కాదు, ఫోన్ చేయండి. మీ నాన్నగారి వయసు, మోకాళ్లు, భాష, ఇంతకుముందు గాలం అనుభవం అన్నీ చెప్పండి. "ఇలాంటివాళ్లని తీసుకెళ్లడానికి మీ దగ్గర ఓపికున్న గైడ్ ఎవరు?" అని అడగండి. పేరు చెప్పి, ఎందుకో కూడా చెప్తే మంచి షాపు. "అందరూ బాగానే ఉంటారు" అన్నారంటే ఇంకో నంబరు చూడండి.

సుధ_సియాటిల్

ప్రసాద్ గారు చెప్పినదాంట్లో ఆ చివరి ముక్క బంగారం. మాకు జరిగింది చెప్తాను తమ్ముడూ, నీకు పనికొస్తుంది.

మూడేళ్ల కిందట మా మామగారిని, మా వారిని పంపించాను. ఊరి పేరు, కంపెనీ పేరు చెప్పను. ఆన్‌లైన్‌లో అందరికంటే వంద డాలర్లు తక్కువ ఉందని బుక్ చేశాను. ఫారంలో 'అనుభవం' అన్న చోట మూడు గడులున్నాయి, మామగారు చెరువుల్లో గాలం వేసేవారు కదా అని మధ్యలోది నొక్కాను. వయసు అడగలేదు, నేనూ రాయలేదు. తప్పు నాది కూడా. పొద్దున ఏడింటికి వచ్చిన కుర్రాడు వీళ్లని చూసి మొహం మాడ్చాడట. పడవ అనుకుని వెళ్తే నడిచే ట్రిప్పు. 71 ఏళ్ల మనిషిని మోకాలి పైదాకా నీళ్లలో నిలబెట్టి, పది నిమిషాలు చూపించి, తర్వాత తానే ఇంకో కర్ర తీసుకుని కాస్త దూరంలో వేసుకుంటూ కూర్చున్నాడు. మామగారు ఒక అడుగు వెనక్కి వేయబోయి జారారు, చెయ్యి కింద పెట్టారు, మణికట్టు చిట్లింది. మా వారు పక్కనే ఉన్నారు కాబట్టి సరిపోయింది. నీళ్లలో దిగడానికి వేసుకునే ఆ ప్యాంటు లాంటి వేడర్లలోకి నీళ్లు పోతే లేవడం కష్టం, నడుముకి బెల్టు గట్టిగా కట్టుకోవాలని కూడా ఆ కుర్రాడు చెప్పలేదు.

మామగారు మంచి మనిషి, "పోనీలేమ్మా, కొండలు చూశాను" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా బాధేసింది.

కాబట్టి అడగాల్సినవి అడుగు, మొహమాటపడకు. పడవా నడకా? గైడ్ తాను గాలం వేస్తాడా? (మంచివాళ్లు అడిగితే చూపించడానికి తప్ప వేయరు.) ఒంటికి రెంటికి ఒడ్డున ఆపుతాడా? పెద్దవాళ్లకి ఇది చాలా ముఖ్యం, ఎవరూ పైకి అడగరు, రోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంటారు. లైఫ్ జాకెట్ ఆయన సైజుది ఉందా? వాతావరణం బాగాలేకపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజుకి మారుస్తారా? భోజనంలో బీఫ్ వద్దని బుకింగ్ రోజే చెప్పు, వాళ్లు శాండ్‌విచ్‌లు ముందురోజే కట్టించేస్తారు. నేనైతే నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి పంపుతాను, ఎవరూ కాదనరు.

లూప్‌లైన్_రవి (సాల్ట్‌లేక్)

నాది కొంచెం వేరే అభిప్రాయం. గైడ్ లేకుండానూ చక్కగా వేయొచ్చు. మోంటానాలో 1985 నాటి చట్టం ఒకటి ఉంది, నది అంచు దాకా, అంటే మామూలుగా నీళ్లు ఎక్కే గీత వరకూ ఎవరైనా తిరగొచ్చు, ఒడ్డు ఎవరిదైనా సరే. ప్రైవేటు పొలం తొక్కుతూ వెళ్లకూడదు అంతే, వంతెన దగ్గరో ప్రభుత్వం పెట్టిన ఫిషింగ్ యాక్సెస్ దగ్గరో దిగాలి. నేను ఐదేళ్లుగా ఒంటరిగానే వెళ్తున్నాను. ఊళ్లో ఫ్లై షాపుకి వెళ్లి నాలుగు ఫ్లైలు కొని "ఈ వారం ఎలా ఉంది" అని అడిగితే కౌంటర్ దగ్గర ఉన్నాయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్తాడు. ఆరొందలు మిగులుతాయి.

డెన్వర్_ప్రసాద్

రవి గారూ, మీరు చెప్పింది మీకూ నాకూ సరిపోతుంది. ఈయనకి ఉన్నవి ఐదు రోజులే, మోకాళ్లు లేవు, ఇద్దరికీ విద్య రాదు. ఒంటరిగా వెళ్తే పొద్దున్నంతా చెట్లలో చిక్కిన ఫ్లైలు లాగుకోడానికే పోతుంది. డబ్బు తగ్గించుకోవాలంటే సగం రోజు తీసుకోవచ్చు, కానీ రేటు సగం అవదు, ఎందుకంటే పడవ దింపడం, కారుని కింద రేవుకి చేర్పించడం అదే పని. నా మాట వినండి, ఒక్కరోజు పూర్తిగా తీసుకోండి, మిగతా రోజుల్లో రవి గారు చెప్పినట్టు మీరే ఒడ్డున వేసుకోండి. మొదటి రోజు నేర్చుకున్నది ఆ మిగతా రోజులన్నిటికీ పనికొస్తుంది.

లూప్‌లైన్_రవి (సాల్ట్‌లేక్)

మోకాళ్ల సంగతి సరిగ్గా చూడలేదు. ఒప్పుకుంటున్నాను, గైడే కరెక్టు.

కాలవగట్టు_శీను (డల్లాస్)

అందరికీ చాలా థాంక్స్. సుధక్కా, ఒంటికి రెంటికి సంగతి నాకు తట్టేదే కాదు. ఇంకో రెండు అనుమానాలు. లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి, పార్కులో కూడా అదే పనిచేస్తుందా? జులై మొదటి వారం మంచిదేనా? ఈ ఫ్లై వేయడం అనేది మామూలు గాలానికి ఎంత దూరం, నాన్నకి ముందుగా ఎలా చెప్పాలి?

బోజ్‌మన్_లక్ష్మి

నేను ఇక్కడే ఉంటాను కాబట్టి లైసెన్సు, వాతావరణం నేను చెప్తాను.

మోంటానా లైసెన్సు మూడు ముక్కలు. కన్సర్వేషన్ లైసెన్సు, నీటి కలుపు జీవులు పాకకుండా వసూలు చేసే ఏఐఎస్ పాస్, ఆపైన ఫిషింగ్ లైసెన్సు. రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ సైట్‌లో ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, బయటి రాష్ట్రాలవాళ్లకి రోజుల లెక్కన కూడా ఇస్తారు. ఎల్లోస్టోన్ పార్కులో అది చెల్లదు. పార్కుకి వేరే పర్మిట్, 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ. అక్కడ ముల్లు లేని గాలాలే వాడాలి, సీసం బరువులు వాడకూడదు, ఎర్రలు గిర్రలు అసలు కుదరవు. అడుగున ఫెల్ట్ (దట్టమైన ఉన్ని గుడ్డ లాంటిది) అంటించిన బూట్లు కూడా పార్కులో నిషేధం.

సీజన్ సంగతి. మే మధ్య నుంచి జూన్‌లో చాలాభాగం కొండల మంచు కరిగి నదులన్నీ బురదగా పొంగుతాయి. మాడిసన్‌కి పైన హెబ్గెన్ ఆనకట్ట, క్వేక్ లేక్ ఉన్నాయి కాబట్టి మిగతా నదుల కంటే త్వరగా తేరుకుంటుంది. క్వేక్ లేక్ అంటే 1959 ఆగస్టులో భూకంపం వచ్చి కొండచరియ నదికి అడ్డంగా పడితే ఏర్పడిన సరస్సు, 28 మంది పోయారు ఆ భూకంపంలో. ఎండిపోయిన చెట్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉంటాయి, దారిలోనే, ఆగి చూడండి. జూన్ ఆఖరు, జులై మొదట్లో సాల్మన్‌ఫ్లై అని రెండంగుళాల పురుగు ఎగురుతుంది, ఇక్కడి ట్రౌట్ చేపలు వాటి కోసం పిచ్చెక్కినట్టు లేస్తాయి. అందుకే ఆ వారం గైడ్లు దొరకడం కష్టం. ఇవాళే ఫోన్ చేయండి.

ఎండలు మరీ ముదిరితే ఇంకోటి ఉంది. నీళ్లు మూడు రోజులు వరసగా 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పోరాడి అలసిన ట్రౌట్ వదిలినా బతకదు. అలాంటప్పుడు గైడ్ తెల్లారే అయిదింటికి రమ్మంటాడు, విసుక్కోకుండా వెళ్లండి.

వదిలేయడం గురించి అడిగారు. ఇక్కడి నదుల్లో 1974 నుంచి పెంపకం ట్రౌట్లని తెచ్చి వదలడం మానేశారు. మీకు పడేది ఆ నదిలో పుట్టి ఆ నదిలో పెరిగిన చేప. ఇవాళ వంద పడవలు వెళ్తే, అందరూ ఇంటికి పట్టుకుపోతే రెండేళ్లలో ఏమీ మిగలదు. నాన్నగారికి ఇలా చెప్తే అర్థమవుతుంది, గేట్లు చూసిన మనిషి. అయినా పట్టిన చేప వండుకుని తినాలని ఉంటే ఎల్లోస్టోన్ సరస్సులో లేక్ ట్రౌట్ ఉంది. ఎవరో తెచ్చి వదిలారు, 1994లో బయటపడింది, అక్కడ మొదట్నుంచీ ఉన్న కట్‌త్రోట్ ట్రౌట్లని తినేస్తోంది. ఆ సరస్సులో అది పడితే వదలకూడదు, చంపాల్సిందే, రూలు అదే. కట్‌త్రోట్‌కి దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది, ఆ గీత ఉంటే వదిలేయాలి. పులుసు పెట్టుకోండి లేక్ ట్రౌట్‌ని, ఆ సరస్సుకి కూడా మేలు.

డెన్వర్_ప్రసాద్

గాలానికీ దీనికీ తేడా అడిగారు. మన గాలంలో బరువు ఎరదీ సీసపు గుండుదీ, దారం వెనకాల పోతుంది. ఇందులో ఫ్లైకి బరువే ఉండదు, ఈకలూ దారాలతో కట్టిన పురుగు అది. బరువంతా దారంలో ఉంటుంది, పసుపుపచ్చగా లావుగా ఉండే దారం. దాన్ని వెనక్కి విసిరి, అది వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి. ఆ ఆగడమే అందరికీ కష్టం. పెరట్లో గడ్డి మీద ఫ్లై బదులు ఊలు ముక్క కట్టి వారం రోజులు రోజుకి పావుగంట వేయించండి, చాలు.

కానీ మీ నాన్నగారి గురించి నాకు ఒక ఆలోచన వచ్చింది. నీళ్ల పైన తేలే ఫ్లై ఒక పద్ధతి. రెండోది నింఫింగ్, పురుగు పిల్లలా కట్టిన చిన్న ఫ్లై నీళ్ల అడుగున పోతుంది, పైన దారానికి ఒక రంగు బుడగ కడతారు. దాన్ని ఇండికేటర్ అంటారు. అది అచ్చంగా బెండే. లోతుని బట్టి పైకీ కిందకీ జరుపుతారు, ఆగినా మునిగినా కర్ర ఎత్తాలి. గైడ్‌తో మొదటే చెప్పండి, మా నాన్న యాభై ఏళ్లుగా బెండు చూస్తున్నారు, అక్కడినుంచి మొదలుపెట్టమని. ఆయనకి మాట అక్కర్లేదు.

మీరు మాత్రం కర్ర పట్టకుండా వెనక సీట్లో కూర్చోండి. ఇద్దరూ కొత్తే అయితే గైడ్ సగం రోజు మీ చిక్కులు విప్పుతూనే ఉంటాడు.

పోలరైజ్‌డ్ కళ్లద్దాలు ఇద్దరికీ తీసుకోండి. నీళ్ల మీద తళుకు పోయి అడుగు కనిపిస్తుంది, ఎగిరే గాలం నుంచి కంటికి కాపలా కూడా.

కాలవగట్టు_శీను (డల్లాస్)

అప్‌డేట్ ఇస్తానని అనుకున్నాను, జులై అంతా పనిలో పడిపోయి ఇప్పుడు రాస్తున్నాను.

నాలుగు షాపులకి ఫోన్ చేశాను. మొదటి రెండుచోట్ల తేదీలు లేవు. మూడోచోట "ఏం పర్లేదు, ఎవరైనా తీసుకెళ్తారు" అన్నారు, పెట్టేశాను. నాలుగో ఆవిడ నేను చెప్పిందంతా విని, రెండు నిమిషాలు ఆగమని, "మా దగ్గర ఒకావిడ ఉంది, వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చాక కూడా పడవలో తిప్పేది, ఆవిడైతే బాగుంటుంది, కానీ మూడో తారీఖు ఒక్కటే ఖాళీ" అన్నారు. అక్కడికక్కడే కార్డు నంబరు ఇచ్చేశాను.

గైడ్‌కి యాభై పైనే ఉంటాయి. పొద్దున ఏడింటికి రేవులో కలిసింది. నాన్నకి చెయ్యి కలిపి, ఇంగ్లీషులో ఏమీ మొదలుపెట్టకుండా ముందు పడవ ఎక్కే మెట్టు మీద తన తొడ ఆనించి నిలబడింది, నాన్న ఆవిడ భుజం పట్టుకుని ఎక్కారు. మోకాలు ఏది బాగుందో చేత్తో అడిగింది. ఆ కాలి వైపు బరువు పడేలా కుర్చీ తిప్పింది. ఆ క్షణంలోనే నాకు సగం టెన్షన్ పోయింది.

పెరట్లో వారం వేయించినా మొదటి గంట దారం మెడకి చుట్టుకుంది. ఆవిడ పెద్ద సాల్మన్‌ఫ్లై తీసేసి, నారింజ రంగు బుడగ కట్టి, నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూసి నా వైపు తిరిగి "బెండు" అన్నారు. ఆవిడ "బెండు" అంది. రోజంతా ఆవిడ ఇక ఇండికేటర్ అనలేదు.

మొదటి చేప పోయింది. నాన్న జెల్లని లాగినట్టు కర్ర ఆకాశంలోకి లాగేశారు, సన్నటి దారం తెగిపోయింది. రెండోదీ అంతే. ఆవిడ నాన్న మణికట్టు పట్టుకుని, ఎంత ఎత్తాలో ఒక్కసారి ఎత్తి చూపించింది, జానెడు అంతే. మూడోది నిలిచింది. బ్రౌన్ ట్రౌట్, పదిహేను అంగుళాలు ఉంటుంది. వల నీళ్లలోనే ఉంచి, ముందు చేతులు తడుపుకోమని సైగ చేసింది. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పోతుందని నేను చెప్పబోతే నాన్న "తెలుసురా" అన్నారు. పొట్ట పసుపు, పక్కల్లో ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ పాలిపోయిన నీలం అంచు. నాన్న దాన్ని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని కూర్చున్నారు, మొప్పలు నాలుగైదుసార్లు ఆడాక అదే జారి వెళ్లిపోయింది. వదిలేయడం గురించి నేను అంత కంగారుపడ్డానా, ఆయన ఒక్క మాట అనలేదు. కాసేపటికి "గండిలో చిక్కిన చేపపిల్లల్ని ఇలాగే వదిలేవాళ్లం" అన్నారు.

మధ్యాహ్నం నుంచి ఆవిడ చూపించకముందే నాన్న చెయ్యి చాచడం మొదలుపెట్టారు. బండరాయి వెనక నిలవ నీళ్లు, రెండు పాయలు కలిసే గీత, ఒడ్డు కోసుకుపోయి లోపలికి వెళ్లిన చోటు. నాలుగింటిలో మూడు ఆవిడ అనుకున్నవే. నాన్నకి మొత్తం ఆరు పడ్డాయి, అందులో రెండు వైట్‌ఫిష్ అనే రకం. నేను కర్ర ముట్టుకోలేదు, ప్రసాద్ గారూ.

భోజనం ఒడ్డున. సుధక్కా, పులిహోర పట్టుకెళ్లాం, ఆవిడ రెండోసారి వేయించుకుంది. అప్పుడు నాన్న అడిగారు, ఈ నదికి పైన గేట్లు ఎవరు చూస్తారు అని. నేను చెప్పాను, నాన్న లస్కరు అంటే ఏంటో, ఆయన ఏం పని చేసేవారో. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టి చెప్పింది. 2021 నవంబరు ఆఖరి రోజు తెల్లవారుజామున హెబ్గెన్ ఆనకట్ట గేటుని ఎత్తి దించే రాడ్డు దగ్గర ఒక ముక్క విరిగిపోయిందట, గేటు దిగిపోయి నదిలో నీళ్లు ఒక్కసారిగా పడిపోయాయి. పక్క పాయలు ఎండిపోయి ట్రౌట్లు గుంటల్లో చిక్కుకున్నాయి, అది గుడ్లు పెట్టే కాలం కూడా. చుట్టుపక్కల జనం చలిలో బకెట్లు పట్టుకుని వచ్చి, దొరికినవాటిని మోసి నదిలో వదిలారు. రెండు రోజులకి గేటు బాగుచేశారు.

నేను తెలుగులో చెప్తూ ఉంటే నాన్న మధ్యలో ఆపి "విరిగింది స్క్రూ రాడ్డా, దాన్ని కలిపే కప్లింగా?" అని అడిగారు. ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. కప్లింగ్ అంది. నాన్న తల ఊపి, రెండు పిడికిళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పుతూ, అది ఎక్కడ అరుగుతుందో, గ్రీజు ఎప్పుడు పెట్టాలో ఆవిడకి చూపించడం మొదలుపెట్టారు. తెలుగులోనే చెప్తున్నారు. ఆవిడ వింటోంది. నేను మధ్యలో అనువాదం చేయడం మానేశాను.

మర్నాడు పిల్లలు పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ చూద్దామంటే నాన్న వాళ్లని వెళ్లమని, నన్ను మాత్రం హెబ్గెన్ దగ్గరికి తీసుకెళ్లమన్నారు. రోడ్డు పక్కన కారు ఆపితే ముప్పావుగంట నిలబడ్డారు.

లెక్కలు కావాలన్నవాళ్లకి: పడవకి 695, టిప్ 140, లైసెన్సు నాన్నకి ఒక్కరికే. షాపు నంబరు ఇక్కడ పెట్టను, కావాలంటే మెసేజ్ చేయండి. వచ్చే ఏడాదికి జనవరిలోనే ఫోన్ చేయాలట, నేను రిమైండర్ పెట్టుకున్నాను.